బ్రతుకు తెరువు - బ్రతుకు తీరు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పుదురు. ఆ రెండు కార్యములును ఎంత బరువైనవో ఎరిగినవారు గనుకనే వానికి ముందు ఎంతయో విచారణ చేయుదురు. ఇల్లు కట్టవలెనన్న నేల చూచి, నీరు చూచి, మేస్త్రీతో నెల దినములు లెక్కలు వేయుదురు. పిల్లకు సంబంధము చూడవలెనన్న అటు ఏడు తరములు, ఇటు ఏడు తరములు తరచి చూతురు. కాని తమ బిడ్డ ముప్పది నలుబది యేండ్లపాటు దినమునకు ఎనిమిది గంటలు ఏ పని చేయుచు గడపవలెనను ప్రశ్న వచ్చునప్పటికి ఈ విచారణ అంతయు ఎక్కడికో పోవును. ఎదురింటి పిల్లవాడు చేరిన శాఖ యేదో, మేనమామ కుమారుడు చదివిన కళాశాల యేదో కనుగొని, గడువు ముగియుటకు ఒక పూట ముందు ఇంటర్నెట్టు కేంద్రములో కూర్చుండి, వెబ్ ఆప్షన్లను వరుసగా నింపి, ఇంటికి వచ్చి నిద్రపోవుదురు. ఒక జీవితమునకు దారి ఏర్పడినది!

నేను ముప్పది యేండ్లకు పైగా గోదావరి జిల్లాలలోని కళాశాలలయందు పాఠములు చెప్పినవాడను. ప్రవేశముల కాలమున వరండాలో నిలిచి తండ్రులు అడుగు ప్రశ్న ఆ ముప్పది యేండ్లలో మారలేదు. "ఏ గ్రూపు తీసుకుంటే ఉద్యోగం వస్తుందండీ?" అని వారడుగుదురు. ప్రక్కనే తలవంచుకొని నిలిచిన పిల్లవానిని ఎవరును ఏమియు అడుగరు. నేనును అడుగలేదు. అడుగకపోవుటవలన ఒక విద్యార్థికి కలిగిన నష్టమును ఈ వ్యాసము చివర చెప్పెదను. దీనిని వ్రాయుటకు అదియే కారణము.

ఉద్యోగమను మాట

ఉద్యోగమను మాటకు మొదటి అర్థము ప్రయత్నము, పూనిక. భారతములో ఉద్యోగపర్వమున ఎవరికిని జీతము దొరకలేదు. యుద్ధమునకు ముందు ఉభయపక్షములవారును చేసిన సన్నాహమే అందలి కథ. రాయబారములు నడచినవి, బలములు లెక్కకు వచ్చినవి, మిత్రులెవరో శత్రువులెవరో తేలినది. సంధి పొసగునా అని కడవరకు చూచిన పిమ్మటనే రణభూమికి పోయిరి. తిక్కన సోమయాజి చేతిలో ఆ పర్వము తెలుగువారికి కంఠస్థమైనది. కాని కాలక్రమమున మనము ఆ మాటలోని ప్రయత్నమును విడిచి, నెలజీతమును మాత్రము పట్టుకొంటిమి.

ఇట్లు జరుగుటకు కారణము లేకపోలేదు. వర్షము మీద ఆధారపడిన సేద్యము, అప్పుల మీద నడచిన సంసారము గల దేశమున, ఒకటవ తారీఖున తప్పక చేతికి వచ్చు జీతము దైవప్రసాదముగా కనిపించుట సహజము. తాతలు ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తా పనిని కోరిరి. తండ్రులు బ్యాంకును కోరిరి. తరువాతి తరము ఇంజనీరింగును, ఆ వెనుక కంప్యూటరును కోరినది. ఒక్కొక్క తరమును తన కాలపు భద్రతను వెదకినదే గాని అందు తప్పు పట్టవలసినది లేదు. చిక్కు ఎక్కడనగా, భద్రత ఒకచోట నిలువదు.

నా యౌవనమున ప్రతి తాలూకా పట్టణములోను టైపురైటింగు ఇన్‌స్టిట్యూట్లు ఉండెడివి. సాయంకాలమగుసరికి వీధియంతయు టకటక శబ్దముతో నిండెడిది. లోయరు, హయ్యరు ప్యాసై, షార్టుహాండు కూడ వచ్చినచో బ్రతుకునకు ఢోకా లేదని పెద్దలు చెప్పెడివారు. నేడు ఆ యంత్రములు పాత సామానుల దుకాణములలో ఉన్నవి. అయితే అక్కడ నేర్చినవారు అందరును చెడిపోయిరా? లేదు. యంత్రమును మాత్రమే నేర్చినవాడు యంత్రముతోపాటు మూలబడినాడు. తప్పులేకుండ వ్రాయుట, చెప్పినది చెప్పినట్లు గ్రహించుట, వేళకు పని ముగించుట నేర్చినవాడు కంప్యూటరు ముందు కూర్చుండి అదే పని మరింత బాగుగా చేసినాడు. కనుక విద్యార్థి మొదట తెలిసికొనవలసినది ఇది: కొలువు పేరు మారును, దాని అడుగున ఉన్న పనితనము మారదు. ప్రణాళిక వేయునప్పుడు పేరునకు గాక పనితనమునకు వేయవలెను.

మూడు విచారణలు

వృత్తిని ఎన్నుకొనుటను గూర్చి శాస్త్రీయముగా ఆలోచించిన తొలివారిలో ఫ్రాంక్ పార్సన్స్ అను అమెరికా దేశీయుడు ఒకడు. ఆయన 1908లో బోస్టను నగరమున యువకులకు వృత్తి సలహాలిచ్చు సంస్థను స్థాపించెను. ఆ సంవత్సరమే మరణించెను. వృత్తి ఎన్నికపై ఆయన వ్రాసిన గ్రంథము 1909లో వెలువడినది. వింత యేమనగా, పదిమందికి దారి చూపిన ఈయన దారి తిన్నగా సాగినది కాదు. ఇంజనీరింగు చదివి రైలు మార్గముల పని చేసెను, బడిపంతులయ్యెను, న్యాయవాదియయ్యెను, ఆచార్యుడయ్యెను. బహుశః దారి తప్పుట యెట్టిదో ఎరిగినవాడు గనుకనే దారి అడుగువారియెడ ఆయనకు దయ కలిగినది.

ఆయన చెప్పిన సూత్రము సులభమైనది. వృత్తిని ఎన్నుకొనువాడు మూడు విచారణలు చేయవలెను. మొదటిది తన్ను తాను ఎరుగుట. రెండవది ఆ పనిని ఎరుగుట. మూడవది ఈ రెండును ఒకదానికొకటి ఎంతవరకు పొసగునో నిదానముగా ఆలోచించుట. శతాబ్దము దాటినను దీనికంటె తేటగా చెప్పినవారు అరుదు.

తన్ను తాను ఎరుగుట యనగా వేదాంతము కాదు. ఒక నోటుపుస్తకము తీసికొని ఒక్క నెల దినములు రాత్రిపూట నాలుగు పంక్తులు వ్రాసిన చాలును. ఈ దినము ఏ పని చేయుచున్నప్పుడు నాకు కాలము తెలియలేదు? ఏ పనిని ఎవరైన చెప్పినగాని చేయలేదు? ఎవరికి దేనిలో సాయపడితిని? దేనిని చూచి విసుగు పుట్టినది? నెల ముగిసిన పిమ్మట చదివి చూచినచో మార్కుల జాబితాలో లేని మనిషి అందు కనిపించును. లెక్కలలో నూటికి తొంబది మార్కులు వచ్చుట వేరు, లెక్కలతో జీవితము గడుపుట యందు ఇష్టము వేరు. మొదటిది శక్తి, రెండవది రుచి. రెండును కలిసిన చోటు ఉత్తమము. శక్తి ఉండి రుచి లేనిచో పని బరువగును. రుచి ఉండి శక్తి చాలనిచో అభ్యాసముతో శక్తిని పెంచుకొనుటకు అవకాశము కలదు. ఈ భేదమును పిల్లలకు చెప్పువారు కరవైనారు.

పనిని ఎరుగుట రెండవది. మన విద్యార్థులకు వృత్తుల పేర్లు తెలియును, వృత్తులు తెలియవు. వైద్యుడనగా తెల్లకోటు, న్యాయవాదియనగా నల్లకోటు, కలెక్టరనగా ఎర్రదీపము అను బొమ్మలే మనసులో ఉన్నవి. వాహనములపై ఆ ఎర్రదీపములు 2017లోనే తొలగిపోయినవి గాని పిల్లల మనసులోనుండి తొలగలేదు. ఒక వృత్తిని గూర్చి తెలిసికొనవలెనన్న దానిని చేయుచున్నవానిని ముగ్గురినైన కలిసికొనవలెను. ఉదయము మొదలు రాత్రివరకు అతడు చేయు పని యేమి? మొదటి ఐదేండ్లు రాబడి యెంత? ఇల్లు విడిచి ఎంత దూరము పోవలెను? ఈ పనిలో అతనికి అన్నిటికంటె కష్టమైనది యేది? మరల ఎన్నుకొనుమన్న దీనినే ఎన్నుకొనునా? ఈ ఐదు ప్రశ్నలకు ముగ్గురు చెప్పు జవాబులు ముప్పది ప్రకటనలకంటె విలువైనవి.

ఇందుకు మన దేశమున ఉన్న తలుపులు చాలమందికి తెలియవు. 1961 నాటి అప్రెంటిసు చట్టము క్రింద పరిశ్రమలలో కొంత భృతి పుచ్చుకొనుచు పని నేర్చుకొను వీలు ఐ.టి.ఐ. విద్యార్థులకే గాక డిప్లొమా, డిగ్రీ పొందినవారికిని కలదు. పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్కున చేరినవాడు మూడేండ్లకు ఒక పని చేతికి వచ్చినవాడగును. పైన చదువదలచిన, ఈసెట్ పరీక్ష వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో ప్రవేశింపవచ్చును. చార్టర్డు అకౌంటెన్సీ చదువువాడు ఏ గ్రూపువాడైనను కావచ్చును. అందు ఆడిటరు వద్ద చేయు అభ్యాసమునకు పూర్వము మూడేండ్ల కాలము ఉండగా 2023లో వచ్చిన నూతన విధానమున రెండేండ్లైనది. న్యాయశాస్త్రమునకు ఇంటర్మీడియట్ తరువాత ఐదేండ్ల దారియు, డిగ్రీ తరువాత మూడేండ్ల దారియు ఉన్నవి. ఏ ఒక్క మలుపు వద్దను తలుపులన్నియు మూసికొనవు. మూసికొనినవని పిల్లవానిని భయపెట్టువారు తలుపులను చూడనివారే.

మూడవ విచారణ ఈ రెండిటిని త్రాసులో ఉంచి తూచుట. ఇక్కడ తొందర పనికిరాదు. తండ్రి కోర్కె, ఇంటి అప్పు, చెల్లెలి పెండ్లి, తన ఆరోగ్యము, తన ఊరు, అన్నియు ఆ త్రాసులో పడవలసినవే. ఇష్టము ఒక్కటే చాలునని చెప్పుట కలిగినవారి మాట. ఇష్టముతో పనియే లేదనుట ఓడినవారి మాట. రెంటి నడుమ ఉన్న దారిని వెదకుటయే ప్రణాళిక.

భీమవరపు బాలుడు

ప్రణాళిక యనగానే అన్నియు అనుకొన్నట్లు జరుగునని భ్రమపడరాదు. ఇందుకు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు జీవితమే సాక్ష్యము. ఆయన 1895లో భీమవరమున పుట్టెను. బాల్యమున ఇల్లు విడిచి కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని బయలుదేరెనని చెప్పుదురు. అదియే ఆయన మొదటి ప్రణాళిక! తల్లి వెనుకకు తెచ్చి బడిలో కూర్చుండబెట్టినది. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి మూడవమారు మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలనుండి కృతార్థుడయ్యెను. తరువాత రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపదలచెను. తల్లి ఒప్పుకొనలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. స్వాతంత్ర్యోద్యమ ప్రభావమున ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా అంతకంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటికి రావలసివచ్చెను. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించెను.

ఇంతలో స్ప్రూ అను వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆ దుఃఖము ఆయనకు దిక్కు చూపినది. 1920ల తొలి భాగములో మామగారి సాయముతో అమెరికా చేరెను. రాత్రివేళ ఆస్పత్రిలో చిన్నపని చేయుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివెను. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. అది వారిరువురి పేర్లతో నేటికిని జీవరసాయన గ్రంథములలో ఉన్నది. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అను పదార్థములపై జరిగిన పరిశోధనలోను ఆయన పాలు పెద్దది. ఇంత చేసినను ఆ విశ్వవిద్యాలయమున ఆయనకు స్థిరమైన పదవి దొరకలేదు. అప్పుడాయన వయస్సు నలుబదియైదు. మనవాడైనచో "ఇక అంతే" అని కూర్చుండెడివాడు. ఆయన 1940లో లెడర్లే ఔషధ పరిశోధనశాలకు పోయెను. తరువాతి ఎనిమిదేండ్లలో ఆయన ఆధ్వర్యవమున ఫోలిక్ ఆమ్లము తయారైనది, బోదకాలు వ్యాధికి మందు వెలువడినది, క్యాన్సరును ఎదుర్కొను మందులకు పునాది పడినది, ఆరియోమైసిన్ అను జీవనాశకౌషధము వచ్చినది. 1948లో మరణించెను.

ఈ కథలో విద్యార్థి గమనింపవలసినది ఆయన ఖ్యాతిని కాదు. ఆయన వేసికొనిన ప్రతి ప్రణాళికయు చెడినది. కాశీ చెడినది, సన్న్యాసము చెడినది, ఎం.బి.బి.ఎస్. చెడినది, ఆచార్య పదవి చెడినది. చెడనిది ఒక్కటే, రోగమునకు మందు కనుగొనవలెనను పట్టుదల. సోదరులను చంపిన స్ప్రూ వ్యాధికి పనిచేయు ఫోలిక్ ఆమ్లము ఆయన పరిశోధనశాలనుండియే వెలువడుట యాదృచ్ఛికము కాదు. దారులు మార్చుకొనవచ్చును, దిక్కు మరువరాదు. ప్రణాళికకు దిక్కు ప్రాణము, దారి శరీరము.

రాజమహేంద్రవరపు బాలిక

ఆడుపిల్లల విషయమున మన సమాజము వేయు ప్రణాళిక ఒకే పంక్తితో ముగియును. డిగ్రీ కాగానే పెండ్లి. ఆ తరువాత ఆమె చదువు గోడమీది పటమగును. ఈ మాట నేటికిని పూర్తిగా పాతబడలేదని కళాశాల అధ్యాపకులందరికిని తెలియును. చివరి సంవత్సరపు పరీక్ష ఫీజు కట్టి, పరీక్షకు రాని అమ్మాయిల పేర్లు ప్రతి హాజరు పట్టికలోను ఉండును.

దుర్గాబాయి 1909లో రాజమహేంద్రవరమున జన్మించెను. ఎనిమిదవ యేట ఆమెకు పెండ్లి చేసిరి. పెరిగి పెద్దయైన పిమ్మట ఆమె ఆ బంధమునుండి బయటపడెను. బాలికయై యుండగానే తోడి స్త్రీలకు హిందీ నేర్పుటకు పాఠశాల పెట్టెను. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భమున, ప్రదర్శనశాల ద్వారము వద్ద టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనీయక నిలిపిన స్వచ్ఛంద సేవకురాలు ఆమెయే. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయెను. అక్కడ చదువురాక, చట్టము తెలియక మ్రగ్గుచున్న స్త్రీలను చూచి న్యాయశాస్త్రము చదువవలెనని నిశ్చయించుకొనెను.

కాని అప్పటికి ఆమెకు మెట్రిక్యులేషను కూడ లేదు. ఇరువది యేండ్లు దాటిన తరువాత అక్షరక్రమమునుండి మొదలిడినట్లు మొదలిడి బెనారసు మెట్రిక్యులేషను పరీక్షకు చదివెను. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున రాజనీతిశాస్త్రము చదివి, 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టము పొందెను. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యెను, ప్రణాళికా సంఘమున కూర్చుండెను, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘమునకు తొలి అధ్యక్షురాలయ్యెను. 1937లో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళాసభలో, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను తాను వ్రాసిన ఆ బెనారసు మెట్రిక్యులేషను పరీక్షకే సిద్ధపరచెను. తాను దాటిన ఏటికి ఆమె వంతెన కట్టినది.

చదువునకు వయస్సు దాటిపోయినదని చెప్పువారికి ఈ జీవితము సమాధానము. డాక్టరు బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982నుండి దూరవిద్య నేర్పుచున్నది. పెండ్లియైన అమ్మాయి, పనిలో చేరిన అబ్బాయి, మధ్యలో ఆగినవారెవరైనను మరల పుస్తకము తెరచుటకు చోటు కలదు. కాని ఆడుపిల్ల తండ్రికి ఒక మాట చెప్పవలెను. ఆగిన చదువును తిరిగి అందుకొనుటకు అందరును దుర్గాబాయి కాజాలరు. ఆపకుండుటయే సులభము.

ధనము, కాలము

ప్రణాళికలో అందరును మరచు అంశములు రెండు, ఖర్చు, గడువు.

చదువుకు అయ్యెడి వ్యయమును ఇంటిల్లిపాదియు ఒకచోట కూర్చుండి కాగితముమీద వేయవలెను. ఫీజు ఒక్కటియే కాదు. వసతి, భోజనము, ప్రయాణము, పుస్తకములు, కోచింగు, అప్పుపై వడ్డీ, అన్నియు లెక్కకు రావలెను. తండ్రి ఎకరము అమ్మినాడని కుమారునికి పెండ్లినాడు తెలియుట మన ఊళ్లలో సామాన్యము. ముందే తెలిసినచో ఆ పిల్లవాడు వేరు దారి ఎన్నుకొనెడివాడేమో. పిల్లలకు కష్టము తెలియనీయకుండ పెంచుట ప్రేమయని మనము తలంతుము. లెక్క తెలియనీయకుండుట మాత్రము ప్రేమ కాదు.

గడువు మాట ఇంతకంటె కఠినమైనది. హైదరాబాదులోని అశోక్‌నగరు, చిక్కడపల్లి గ్రంథాలయ పరిసరములలో ఉదయమునుండి రాత్రివరకు పుస్తకము విడువని యువతీయువకులను చూచినవారికి గౌరవమును, దిగులును ఒక్కమారే కలుగును. వారి శ్రమ అపారము. కాని ప్రకటన రాని సంవత్సరములు, వాయిదాపడిన పరీక్షలు, న్యాయస్థానములలో నిలిచిన ఫలితములు వారి యౌవనమును తినివేయును. సివిలు సర్వీసు పరీక్షకు సాధారణ వర్గమువారికి ముప్పదిరెండేండ్ల వయస్సును, ఆరు ప్రయత్నములును హద్దుగా ప్రభుత్వము పెట్టినది. ప్రభుత్వము పెట్టిన హద్దుకంటె ముందు ఎవరి హద్దు వారు పెట్టుకొనవలెను. రెండేండ్లో మూడేండ్లో నిర్ణయించుకొని, ఆ తేదీని గోడమీద వ్రాసి, ఆ లోపల మనసారా ప్రయత్నించి, ఆ తేదీ దాటినచో చేయవలసిన రెండవ పని యేదో మొదటినాడే ఏర్పరచుకొనవలెను. రెండవ దారి చూచుకొనుట పిరికితనమని కొందరందురు. పడవ నడుపువాడు తెడ్డు మరియొకటి ఉంచుకొనును. అతనిని పిరికివాడని గోదావరిలో ఎవరును అనరు.

ఫలితముల నాడు

ఇక చెప్పుటకు నోరాడని మాట ఒకటి కలదు. ప్రతి వేసవిలోను ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన మరునాటి పత్రికను తెరచుటకు ఉపాధ్యాయుల చేతులు వణకును. ఒక్క పరీక్ష తప్పినందుకు ప్రాణము తీసికొనిన పిల్లల వార్తలు ఏదో మూల ఉండును. నెల రెండు నెలలలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉన్నదని ఆ పిల్లలకు తెలియకపోలేదు. తెలియనిది మరియొకటి. తప్పినను తాము ఇంటికి కావలసినవారమేనని వారికి ఎవరును చెప్పలేదు. ఫలితములకు ముందే తండ్రి ఆ మాట నోట చెప్పవలెను. మనసులో ఉన్నది గదా యనుకొనరాదు. రెండుమార్లు తప్పిన భీమవరపు బాలుని కథను ఉపాధ్యాయుడు తరగతిలో చెప్పవలెను. మనసు కుంగిన విద్యార్థి ఏ వేళనైనను ఉచితముగా మాటలాడుటకు 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ సహాయ కేంద్రపు సంఖ్య 14416. దీనిని ప్రతి తరగతి గోడమీద వ్రాయించుట ఎంతమాత్రము అధిక వ్యయము కాదు.

ఉపాధ్యాయుని పాలు

ఉపాధ్యాయ సోదరులకు నా మనవి స్వల్పము. సంవత్సరమున ఆరు గంటలు ఇందుకు కేటాయించుడు. మీ పాఠశాలలో చదివి వేర్వేరు పనులలో ఉన్నవారిని నలుగురిని పిలిపించుడు. అందు ఉన్నతాధికారి ఒక్కడే కాక, ఎలక్ట్రీషియను, నర్సు, చేపల చెరువుల రైతు, బ్యాంకు ఉద్యోగి ఉండవలెను. వారు తమ విజయములతోపాటు తమ పొరపాట్లను కూడ చెప్పుదురుగాక. ప్రతి విద్యార్థిచేతను ఒక కాగితముమీద మూడు దారులు వ్రాయించుడు. కోరినది, అది అందనిచో తరువాతది, రెండును అందనిచో బ్రతుకు నిలుపునది. వ్రాసిన కాగితమును మీరు దాచి, మరుసటి యేడు వారికే చూపుడు. మారినదేమో, నిలిచినదేమో వారే తెలిసికొందురు.

విద్యార్థులకును ఒక మాట. బ్రతుకుతెరువు ప్రణాళికలో సగమే. మిగిలిన సగము బ్రతుకుతీరు. ఏ ఉద్యోగము వచ్చినను నిద్ర, వ్యాయామము, ఇద్దరు నిజమైన స్నేహితులు, పాఠ్యముగాని ఒక పుస్తకము, మొదటి జీతమునుండియే కొంత పొదుపు, తల్లిదండ్రులతో దినమునకు ఒక మాట, ఇవి లేనిచో ఆ తెరువు ఎక్కడికిని చేర్చదు.

ఒక మొక్కల తోట

మొదట చెప్పెదనన్న సంగతి ఇది. సుమారు ఇరువది యేండ్ల క్రిందట పదవ తరగతి ప్యాసైన పిల్లవాడొకడు తండ్రితో నా వద్దకు వచ్చెను. లెక్కలలో తొంబదికి పైగా మార్కులు. తండ్రి ఎప్పటి ప్రశ్నయే అడిగెను. నేను మార్కుల కాగితము చూచి, "లెక్కలు ఇంత బాగా వచ్చినవాడు ఎం.పి.సి. కాక ఇంకేం తీసుకుంటాడండీ?" అంటిని. పిల్లవాడు ఏదో చెప్పబోయి మానెను. నేను గమనించితిని. గమనించియు అడుగలేదు. వెనుక ఇంకను పదిమంది నిలిచియుండిరి.

అతడు ఇంటర్మీడియట్ గట్టెక్కి ఇంజనీరింగున చేరెను. నాలుగేండ్ల చదువు ఆరేండ్లు పట్టినది. తరువాత రెండేండ్లు హైదరాబాదు అమీర్‌పేటలో ఏవేవో కోర్సులు నేర్చెను. తండ్రి అరయెకరము అమ్మెను. కడకు తండ్రికి జబ్బు చేయగా ఇంటికి వచ్చి కడియము నర్సరీలలో ఒకదానియందు లెక్కలు వ్రాయుటకు కుదిరెను. లెక్కల పుస్తకము ప్రక్కన పెట్టి మొక్కలకు అంటు కట్టుట మొదలిడెను. ఇప్పుడు అతనికి సొంత నర్సరీ కలదు.

ఆ మధ్య నేను ఒక నిమ్మమొక్క కొరకు పోయినప్పుడు గుర్తుపట్టి, కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి పలుకరించెను. తన చదువు వృథా పోలేదని, డ్రిప్పు పైపుల లెక్కలు తానే వేసికొందునని నవ్వుచు చెప్పెను. లేచునప్పుడు నేనే ఆ పాతసంగతి ఎత్తితిని.

"ఆ రోజు నువ్వు ఏదో చెప్పబోయావు, గుర్తుందా?"

"గుర్తుందండి, మాస్టారూ. బైపీసీ చదివి వ్యవసాయం డిగ్రీ చేస్తానని చెబుదామనుకున్నానండి. మీరు పెద్దవారు, మా నాన్నగారు పక్కనే ఉన్నారు. నోరు రాలేదు." కొంతసేపు ఊరకుండి మరల అనెను. "మీ తప్పేం లేదండి. కాకపోతే ఒక్కమాట, నీకేమిష్టంరా అని అడిగుంటే బాగుండేదండి."

ఎనిమిదేండ్ల కాలము, అరయెకరము నేల. నేను అడుగని ప్రశ్న ఖరీదు అది. నాకు మాట తోచలేదు. అతడే నన్ను తేలికపరచుటకు కాబోలు, తన కుమార్తె సంగతి ఎత్తెను.

"మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతండి. మొన్న కూర్చోబెట్టి అడిగాను. 'ఇంకా తెలీదు నాన్నా' అంది. 'సరేలే, తెలిసేదాకా చూద్దాం' అన్నానండి."

నిమ్మమొక్కకు డబ్బు పుచ్చుకొనలేదు.